తూర్పు పాత్రలు, తెల్ల ముఖాలు: పాత హాలీవుడ్‌లో ఎవరికి ఏ వేషం దక్కింది

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. 1930ల నుంచి 1950ల వరకు వచ్చిన హాలీవుడ్ చిత్రాలలో చైనా రైతులు, భారతీయ వైద్యులు, అరబ్బు దొరలు వంటి పాత్రలను తెల్లజాతి నటులు ముఖాన రంగు పూసుకొని వేయడం చూసి మీరు రెండు విషయాలు అడిగారు. ఆ జాతుల నటీనటులు ఆనాడు దొరకలేదా అన్నది మొదటిది. నటన అంటేనే వేషం కదా, స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే నెత్తిన పెట్టుకున్న మనం హాలీవుడ్ నటుడు పాల్ మ్యూని చైనా రైతు వేస్తే ఎందుకు ముఖం చిట్లించాలి అన్నది రెండవది.

సూటిగా చెప్పాలంటే, నటీనటులు ఉన్నారు. వారికి అడ్డుపడినది ప్రతిభ లేకపోవడం కాదు, తెర మీద ఎవరు ఎవరిని ప్రేమించవచ్చునన్న కట్టుబాటు. కథానాయకుడి పాత్ర తెల్ల నటుడికి ఇచ్చిన మరుక్షణం, కథలో ఆ నాయిక ఏ దేశపు పిల్ల అయినా సరే, ఆ పాత్ర వేసే నటి కూడా తెల్లజాతి స్త్రీయే కావలసి వచ్చేది. పెద్ద తారల పేరు మీద తప్ప పెద్ద పెట్టుబడి పెట్టని స్టూడియోల వ్యాపార పద్ధతి దీనికి తోడైంది. వేషం వేయడాన్ని నేను తప్పుపట్టను. ఆ వేషం ఒకే దిక్కుగా సాగడమే అసలు చిక్కు.

విశాఖపట్నంలో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలకు చిత్రాలు ఎంపిక చేసి, ఆట ముగిశాక చర్చ నడిపే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. ఈ ప్రశ్న ఆ చర్చలలో తరచుగా వస్తుంది. అటువంటప్పుడు నేను ముందుగా చెప్పేది 1937లో ఎం.జి.ఎం. స్టూడియో విడుదల చేసిన 'ది గుడ్ ఎర్త్' సంగతి. పెర్ల్ బక్ 1931లో రాసిన నవల దానికి ఆధారం. చైనా పల్లెలో పేద రైతు వాంగ్ లుంగ్, అతని భార్య ఓ-లాన్‌ల కథ అది. ఆ సమయానికి హాలీవుడ్‌లో చైనా సంతతికి చెందిన పేరున్న నటి ఒకరు సిద్ధంగా ఉన్నారు. ఆమె అన్నా మే వాంగ్. 1905లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, తండ్రి లాండ్రీలో పనిచేస్తూనే సినిమాల చుట్టూ తిరిగి, 17 ఏళ్ళ వయసులో 1922 నాటి రంగుల చిత్రం 'ది టోల్ ఆఫ్ ది సీ'లో నాయిక అయింది. 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్‌తో, 1932లో మార్లిన్ డీట్రిచ్‌తో కలిసి తెర మీద కనిపించింది. మధ్యలో యూరప్ వెళ్ళి, లండన్‌లో తీసిన 'పికడిలీ'లో మిగతా తారాగణమంతటినీ మరపించింది. ఓ-లాన్ పాత్ర తనకు రావాలని ఆమె కోరుకున్నది, పత్రికలు కూడా ఆమె పేరే రాశాయి.

స్టూడియో వాంగ్ లుంగ్ పాత్రకు పాల్ మ్యూనిని తీసుకున్నది. దానితో అన్నా మే వాంగ్ అవకాశం ముగిసిపోయింది. తెల్ల నటుడి పక్కన భార్యగా చైనా సంతతి నటి నిలబడడానికి వీలు లేదు. ఆమెను లోటస్ అనే ఉంపుడుగత్తె పాత్రకు పరీక్షించారు. తన వాళ్ళ కథలో తెల్లవారంతా మంచి పాత్రలు వేస్తుంటే చైనా రక్తం ఉన్న తనను మాత్రం సానుభూతి దక్కని ఒక్క పాత్రకు రమ్మంటున్నారన్న అర్థంలో ఆమె బదులు చెప్పి తప్పుకున్నది. ఓ-లాన్ పాత్ర లూయిస్ రైనర్‌కు వెళ్ళింది, ఆమెకు ఉత్తమ నటిగా ఆస్కార్ కూడా వచ్చింది. మ్యూని పుట్టింది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని లెంబర్గ్‌లో, రైనర్ పెరిగింది వియన్నాలో, చివరకు లోటస్ వేసిన టిల్లీ లాష్ కూడా వియన్నా నర్తకే. చైనా మట్టి కథ అని టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు చూసింది ఒక ఆస్ట్రియా కుటుంబాన్ని. కొడుకు పాత్రలో కీ లూక్ వంటి నిజమైన చైనా సంతతి నటులు కనిపిస్తారు గాని, అందరూ రెండవ వరుసలోనే.

ఈ కట్టుబాటుకు రాతపూర్వకమైన రూపం ప్రొడక్షన్ కోడ్. 1930లో స్టూడియోలు తమకు తాము రాసుకొని, 1934 నుంచి పరిశ్రమ సొంత సెన్సార్ అధికారి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం ద్వారా కఠినంగా అమలు చేసిన నియమావళి అది. అందులో తెల్ల, నల్ల జాతుల మధ్య లైంగిక సంబంధాన్ని చూపరాదని స్పష్టంగా రాసి ఉన్నది. గమనించవలసినదేమంటే, ఆ వాక్యంలో ఆసియా వారి ప్రస్తావన లేదు. అయినా స్టూడియోలు దానిని తమంత తాముగా ఆసియా వారికి కూడా వర్తింపజేశాయి. అప్పటి అమెరికాలో చాలా రాష్ట్రాలలో జాత్యంతర వివాహం నేరం. హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియాలోనే ఆ చట్టాన్ని రాష్ట్ర సుప్రీం కోర్టు 1948లో గాని కొట్టివేయలేదు. కాబట్టి ఎవరో ఒక నిర్మాత దుర్బుద్ధితో చేశాడని దీనిని కొట్టిపారేయలేము, ఊరంతటికీ ఉన్న చట్టమే తెర మీదికీ ఎక్కింది.

కట్టుబాటు ఎలా పనిచేసేదో తెలుసుకోవడానికి అది అడ్డు రాని సందర్భం చూడాలి. 'ది గుడ్ ఎర్త్' వచ్చిన 1937లోనే పారమౌంట్ సంస్థ 'డాటర్ ఆఫ్ షాంఘై' తీసింది. అందులో నాయిక అన్నా మే వాంగ్, నాయకుడు కొరియా సంతతికి చెందిన ఫిలిప్ ఆన్. ఇద్దరూ ఆసియా వారే కావడంతో ఎవరికీ అభ్యంతరం రాలేదు, చివరకు పెళ్ళి మాట కూడా నడిచింది. అయితే అది గంట నిడివి గల చవక చిత్రం. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నటులు ఉన్నారు, నటించారు, ప్రేక్షకులు చూశారు, కాని పెద్ద పెట్టుబడి వారి వైపు రాలేదు.

కోడ్ రాక ముందు పరిస్థితి మెరుగ్గా ఉండేదా అంటే కొంత వరకే. జపాన్‌లో పుట్టిన సెసూ హయకావా 1915లో 'ది చీట్' చిత్రంతో అమెరికా స్త్రీల ఆరాధ్య నటుడై, 1918లో హావర్త్ అనే సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నాడు. ఆ స్థాయి తరువాత చాలా కాలం ఏ ఆసియా నటుడికీ దక్కలేదు. మరోవైపు 1927లో వచ్చిన 'మిస్టర్ వూ'లో చైనా దొర వేషం లాన్ చేనీది, అతని కూతురి వేషం ఫ్రెంచి నటి రెనీ అడోరేది. అన్నా మే వాంగ్ ఆ చిత్రంలో చిన్న సహాయ పాత్రలో ఉన్నది. కూతురుగా ముఖానికి మార్పులు చేయించుకున్న నటి ముందు నిలబడితే, ఏ మార్పూ అక్కరలేని నటి ఆమె పక్కన నిలబడి ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాల థియేటర్లు చిత్రాన్ని తిప్పి పంపుతాయన్న భయం స్టూడియోలకు ఉండేది, అది పూర్తిగా వట్టి భయం కూడా కాదు. 1949లో ఫాక్స్ సంస్థ తీసిన 'పింకీ'లో తెల్లగా కనిపించే నల్లజాతి యువతి పాత్రను తెల్ల నటి జీన్ క్రెయిన్ వేసింది, కథలో ఆమె ప్రియుడు తెల్లవాడు కాబట్టి. అంత జాగ్రత్త పడినా టెక్సస్‌లోని మార్షల్ పట్టణం దానిని నిషేధించి, ప్రదర్శించిన థియేటర్ యజమానికి శిక్ష వేసింది. ఆ వివాదం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1952లో అతని పక్షాన తీర్పు వచ్చింది. 1951లో ఎం.జి.ఎం. 'షో బోట్' తీసినప్పుడు మిశ్రమ జాతి గాయని జూలీ పాత్ర ఆవా గార్డ్‌నర్‌కు పోయింది. అదే పాత్రను అంతకు ముందు 1946 నాటి ఒక చిత్రంలోని చిన్న సన్నివేశంలో పాడి మెప్పించిన లీనా హార్న్ అదే సంస్థలో జీతానికి ఉన్న నల్లజాతి నటి.

ఇక మనవారి విషయానికి వస్తాను. చైనా సంతతి నటులు లాస్ ఏంజెలెస్‌లోనే దొరికేవారు గాని, భారతీయ నటులు నిజంగానే తక్కువ, దానికి కారణం చట్టమే. 1917 నాటి అమెరికా వలస చట్టం భారతీయుల రాకను దాదాపు ఆపివేసింది. 1946లో మార్చినప్పుడు కూడా ఏడాదికి 100 మందికి మాత్రమే అవకాశం ఇచ్చింది. అందువల్ల హాలీవుడ్ ఊహించుకున్న భారతదేశంలో భారతీయులు అరుదు. 1939లో ఆర్.కె.ఓ. స్టూడియో తీసిన 'గంగా దిన్' వాయవ్య సరిహద్దు కథ, చిత్రీకరించింది మాత్రం కాలిఫోర్నియాలోని లోన్ పైన్ కొండలలో. నీళ్ళు మోసే గంగా దిన్ పాత్రధారి శామ్ జాఫే న్యూయార్క్ యూదు నటుడు, అప్పటికి అతనికి 47 ఏళ్ళు. మేమీ చిత్రం వేసినప్పుడు మొదట్లో కుర్రవాళ్ళు నవ్వారు. ఒంటినిండా నూనె మెరుపుతో ముదురు రంగు, తలపాగా, చిన్న గుడ్డ చుట్టుకొని బక్కగా ఉన్న ఆ మనిషి, సైనికుల కవాతును చాటుగా అనుకరిస్తూ తనలో తాను సెల్యూట్ చేసుకునే సన్నివేశం వచ్చేసరికి హాలు సద్దుమణిగింది. జాఫే మంచి నటుడు, అందులో నాకు సందేహం లేదు. అయితే దొరల సైన్యంలో చేరడమే జన్మ సార్థకమనుకునే ఆ పాత్ర ఆనాడు మనవారికి మింగుడు పడలేదు, బెంగాల్, బొంబాయి రాష్ట్రాలలో చిత్రాన్ని నిషేధించారు. అక్కడ కోపం ముఖం మీది రంగు మీద కంటే కథ మీద ఎక్కువ.

అదే ఏడాది ఫాక్స్ తీసిన 'ది రెయిన్స్ కేమ్'లో రాంచీపూర్ సంస్థానపు వైద్యుడు రామా సాఫ్తీగా టైరోన్ పవర్ తలపాగా చుట్టుకొని కనిపిస్తాడు. ఇంగ్లీషు దొరసాని అతనిని ప్రేమిస్తుంది. నటులిద్దరూ తెల్లవారే అయినా కథలో జాతులు వేరు కాబట్టి ఆ ప్రేమ ఫలించకుండా ఆమె అంటువ్యాధితో చనిపోతుంది. ఆ దొరసాని వేసిన మిర్నా లాయ్ కొన్నేళ్ళ ముందు వరకు చైనా, జావా స్త్రీల వేషాలతోనే పొట్టపోసుకున్న తెల్ల నటి. 1932లో ఆమె వేసింది ఫూ మాంచు అనే కల్పిత చైనా ప్రతినాయకుడి కూతురి వేషం. ఆ తరువాత ఆ వేషాలు విడిచి అగ్రతారల వరుసలో చేరింది. తెల్ల నటికి అటువంటి వేషం పైకి ఎక్కే మెట్లలో ఒకటి, అన్నా మే వాంగ్‌కు అదే చివరి మెట్టు.

మనవాడు ఒకడు మాత్రం ఆ గోడ దాటి వెళ్ళాడు. 1924లో మైసూరు సంస్థానంలో మావటి కొడుకుగా పుట్టిన సాబూను, దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ బృందం 'ఎలిఫెంట్ బాయ్' కోసం ఏనుగుల శాలలో కనుగొన్నది. 1937లో ఆ చిత్రం వచ్చాక లండన్, ఆ తరువాత హాలీవుడ్ అతనిని నెత్తిన పెట్టుకున్నాయి. 1944లో అమెరికా పౌరుడై, యుద్ధంలో బాంబర్ విమానపు తోక గన్నర్‌గా పనిచేసి పతకం కూడా పొందాడు. బాలుడిగా ఉన్నంత కాలం కథ అతనిది. యువకుడయ్యాక యూనివర్సల్ సంస్థ తీసిన 'అరేబియన్ నైట్స్', 'కోబ్రా ఉమన్' వంటి చిత్రాలలో ప్రేమించే నాయకుడు జాన్ హాల్, సాబూ అతని చలాకీ స్నేహితుడు. తూర్పు దేశపు కథలో తూర్పు దేశపు యువకుడికి ప్రేమ లేదు.

అతనికి ప్రేమ దొరికిన చిత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. అది హాలీవుడ్‌ది కాదు, 1947లో ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో తీసిన 'బ్లాక్ నార్సిసస్'. హిమాలయాలలోని ఒక మఠానికి చదువుకోవడానికి వచ్చే చిన్న దొర సాబూ. పట్టు వస్త్రాలు, ఆభరణాలు, లండన్ దుకాణం నుంచి తెప్పించుకున్న సెంటు పూసిన చేతి రుమాలుతో కూర్చుంటాడు. అతని మీద మనసు పడే కాంచీ అనే పల్లెపిల్లగా వేసింది జీన్ సిమన్స్ అనే ఇంగ్లీషు అమ్మాయి. మేని మీద గోధుమ రంగు, ముక్కుకు పెద్ద ఆభరణం, చిత్రమంతటిలో ఒక్క మాట లేదు. చూపులు, నడక, నాట్యంతోనే పాత్రను నడిపించింది. ఒకే ఫ్రేములో మైసూరు కుర్రవాడు, రంగు పూసుకున్న ఇంగ్లీషు పిల్ల కనిపించినప్పుడు కన్ను తెలియకుండానే ఒకరి చర్మాన్ని ఇంకొకరి చర్మంతో పోల్చుకుంటుంది. టెక్నికలర్ అనే ఆనాటి రంగుల పద్ధతిలో ఆ తేడా దాగదు. చిత్రం గొప్పది, నాకు ఎంతో ఇష్టమైనది, అయినా ఆ ఫ్రేము దగ్గర ప్రతిసారీ మనసు కాస్త ఆగుతుంది.

ఈ లెక్క ఎంత విచిత్రంగా ఉండేదో మెర్ల్ ఒబెరాన్ జీవితం చెబుతుంది. 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఆంగ్లో-ఇండియన్ ఆమె. తాను టాస్మేనియాలో పుట్టానని ప్రచారం చేయించుకున్నది. తనను పెంచిన, మేని రంగు ముదురుగా ఉన్న స్త్రీని అతిథులకు పనిమనిషిగా చూపించేదని ఆమె జీవిత చరిత్రలలో ఉన్నది. 1935 నాటి 'ది డార్క్ ఏంజెల్'కు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది, 1939లో 'వుదరింగ్ హైట్స్'లో ఆమెదే కథానాయిక పాత్ర. 1979లో చనిపోయే దాకా ఆ రహస్యాన్ని విడవలేదు. 1956లో ఎం.జి.ఎం. 'భవానీ జంక్షన్' తీసినప్పుడు అందులోని ఆంగ్లో-ఇండియన్ నాయిక పాత్ర ఉత్తర కరోలినాలో పుట్టిన ఆవా గార్డ్‌నర్‌కు వెళ్ళింది. నిజమైన ఆంగ్లో-ఇండియన్ తార తెల్లదొరసానిగా నటిస్తూ బతికితే, తెల్ల తార ఆంగ్లో-ఇండియన్‌గా నటించింది. (ఆ చిత్రాన్ని భారత ప్రభుత్వంతో షరతులు కుదరక లాహోర్‌లో తీశారు.)

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న. స్థానం వారి సత్యభామతో పోల్చడం పూర్తిగా కొట్టిపారేయవలసింది కాదు. కుటుంబ స్త్రీలను రంగస్థలం మీదికి రానివ్వని సమాజం మనది, ఆ మేరకు అక్కడ కూడా ఒక వర్గాన్ని బయట ఉంచి ఆ వర్గపు వేషాన్ని వేరొకరు వేశారు. కాని రెండు తేడాలున్నాయి. సురభి వారి నాటకాలలో అప్పటికే స్త్రీలు స్త్రీ పాత్రలు వేస్తున్నారు, వారిని అడ్డుకొనే రాతపూర్వక నియమం ఏదీ లేదు. అంతకంటే ముఖ్యంగా, స్థానం వారి సత్యభామను చూసి ఆడవాళ్ళు ఇలా ఉంటారని కొత్తగా తెలుసుకున్న ప్రేక్షకుడు లేడు. ప్రతి ఇంట్లో తల్లి, భార్య, కూతురు ఉన్నారు, పోల్చుకొని మరీ ఆయన హొయలు మెచ్చుకున్నారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న పట్టణపు ప్రేక్షకుడికి మాత్రం చైనా రైతు అంటే పాల్ మ్యూనియే. పోల్చుకోవడానికి పక్కింట్లో వాంగ్ లుంగ్ లేడు.

కొన్ని మినహాయింపులు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ప్రతి పరాయి వేషం అవమానం కాదు. స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్ వేసిన డిటెక్టివ్ చార్లీ చాన్ పాత్ర ఆ కాలపు మిగతా చైనా పాత్రలతో పోలిస్తే తెలివైనది, మర్యాదస్తుడైనది. ఆ చిత్రాలు చైనాలో కూడా ఆడాయి. 1961లో మికీ రూనీ ఎత్తు పళ్ళు పెట్టుకొని వేసిన జపాన్ పొరుగువాడి పాత్రను దాని పక్కన పెడితే, ముప్పై ఏళ్ళ తరువాత వచ్చినది మరింత హీనంగా ఉన్నదని తెలుస్తుంది. కాలం గడిచినకొద్దీ అంతా బాగుపడుతూ వచ్చిందనుకోవడం పొరపాటు.

అలాగే తెల్లవారు కాని నటులను స్టూడియోలు ఒకరి బదులు ఒకరుగా వాడుకున్నాయి. మెక్సికోలో పుట్టిన ఆంథొనీ క్విన్ గ్రీకు, అరబ్బు, ఎస్కిమో పాత్రలు వేశాడు. అయితే 1952లో మెక్సికో విప్లవ వీరుడు జపాటా కథ తీసినప్పుడు జపాటాగా మార్లన్ బ్రాండో, అతని అన్నగా క్విన్ నటించారు. తమ్ముడి పాత్ర బ్రాండోది, ఆస్కార్ మాత్రం క్విన్‌కు వచ్చింది. యుద్ధకాలంలో పశ్చిమ తీరపు జపాన్ సంతతి వారిని 1942 నుంచి శిబిరాలకు తరలించడంతో, శత్రు సైనికాధికారుల వేషాలు ఫిలిప్ ఆన్ వంటి కొరియా సంతతి నటులకు వచ్చాయి. అతని తండ్రి ఆన్ చాంగ్-హో జపాన్ పాలనకు ఎదురు తిరిగిన స్వాతంత్ర్య యోధుడు. మన దక్షిణాదిలో కూడా ఇటువంటిదొకటి జరిగింది. 1952లో సేలం మోడరన్ థియేటర్స్ భాగస్వామ్యంతో తీసిన 'ది జంగిల్'లో రామా సింగ్‌గా వేసింది క్యూబా మూలాలున్న న్యూయార్క్ నటుడు సీజర్ రొమేరో. అడవి మనది, ఏనుగులు మనవి, పెద్ద వేషాలు వారివి.

కోడ్‌లోని జాత్యంతర నిషేధాన్ని 1956లో తీసివేశారు. మార్పు వెంటనే రాలేదు గాని కనిపించింది. 1959 నాటి 'ది క్రిమ్సన్ కిమోనో'లో జపాన్ సంతతి డిటెక్టివ్‌గా జేమ్స్ షిగేటా తెల్ల నాయికను ప్రేమించి, ఆమె ప్రేమను గెలుచుకుంటాడు కూడా. మన పాత్రల విషయంలో ఆలస్యమే జరిగింది. గాంధీజీ హత్య మీద 1963లో వచ్చిన 'నైన్ అవర్స్ టు రామా'లో గాడ్సేగా జర్మన్ నటుడు హార్స్ట్ బుఖోల్ట్స్ నటించాడు, ఆ చిత్రాన్ని ఇక్కడ నిషేధించారు. 1968లో 'ది పార్టీ'లో పీటర్ సెల్లర్స్ హృందీ బక్షీగా ముఖానికి రంగు పూసుకొని వచ్చాడు.

మీరు చూడదలచుకుంటే నా సలహా ఇది: ముందు 'పికడిలీ', తరువాత 'ది గుడ్ ఎర్త్' చూడండి. మొదటిదానిలో హోటల్ వంటపాత్రల గదిలో బల్ల మీద అన్నా మే వాంగ్ చేసే నాట్యం చూశాక, రెండవదానిలో రైనర్ వంచిన తల, తక్కువ మాటలు చూడండి. రైనర్ బాగానే చేసిందని మీకూ అనిపించవచ్చు, నాకూ అనిపించింది. తరువాత 'డాటర్ ఆఫ్ షాంఘై' దొరికితే అదీ చూడండి, గంటే కదా. పాత చిత్రం ఏది చూసినా తారాగణపు పట్టికను కింది పేర్ల దాకా చదవండి. కీ లూక్, సూ యాంగ్, ఫిలిప్ ఆన్ వంటి పేర్లు అక్కడే ఉంటాయి.